బండ కింద నలిగిన కోయాక్స్: ఏం పోతుంది, ఏం పోదు

పోయిన ఎండాకాలం అనంతపురంలో హామ్ రేడియో చేసే ఒక తమ్ముడి ఇంటి మిద్దె మీద మరమ్మతు జరిగింది. పనివాళ్లు నాపబండలు పైకి మోసుకొచ్చి ఒక మూల దొంతిగా పేర్చారు. ఆ మూలనుంచే ఆంటెన్నా కేబుల్, అదే కోయాక్స్, గదిలోకి దిగుతుంది, ఎవరూ చూసుకోలేదు. పది రోజుల తర్వాత బండలు తీస్తే రెండు వేళ్ల వెడల్పున కేబుల్ అప్పచ్చిలా అయిపోయి ఉంది. ఆ రాత్రి రేడియోలో 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ ప్రాంతం) మీద నలుగురం మాట్లాడుకుంటుంటే, "అన్నా, కేబుల్ పోయినట్టేనా?" అని తమ్ముడు టెన్షన్‌గా అడిగాడు. కర్నూలు నుంచి ఒక పెద్దాయన "నలిగిన కోయాక్స్ నమ్మొద్దు నాయనా, తీసి అవతల పడేయ్" అన్నారు. కడప నుంచి ఇంకొకాయన "7 మెగాహెర్ట్జ్‌లో దానికేమీ కాదు, హాయిగా వాడుకో" అన్నారు. ఇద్దరూ ముప్పై ఏళ్లుగా రేడియో చేస్తున్నవాళ్లే. పాపం ఆ పిల్లాడికి ఎవరి మాట వినాలో తెలియలేదు.

ఈ ప్రశ్న నాకు ఏడాదికి నాలుగైదు సార్లు ఎదురవుతుంది. కిటికీ రెక్క కింద నలిగిందనో, బండి చక్రం ఎక్కిందనో, కోతులు పట్టుకుని ఊగాయనో. జవాబు ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు. కేబుల్‌కి సొట్ట పడినప్పుడు నిజానికి రెండు మూడు వేరువేరు సంగతులు జరుగుతాయి, మనం వాటన్నిటినీ కలిపి "పాడైంది" అనేస్తాం.

## లోపల ఏముంది, ఆ 50 ఎక్కడినుంచి వచ్చింది

కోయాక్స్‌ని అడ్డంగా కోస్తే నాలుగు పొరలు కనిపిస్తాయి. నడిమధ్య రాగి తీగ, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, దాని మీద జడలా అల్లిన సన్నటి రాగి పోగులు, అన్నిటికీ పైన నల్ల తొడుగు. ఆ తెల్ల ప్లాస్టిక్‌నే డైఎలెక్ట్రిక్ అంటారు. ఊరికే తీగలు తగలకుండా ఆపడానికే అది ఉందనుకుంటారు చాలామంది. దాని అసలు పని మధ్య తీగని అల్లికకి సరిగ్గా నడుమన, అన్ని వైపులా ఒకే దూరంలో నిలబెట్టడం.

ఎందుకంటే కేబుల్ మీద రాసే 50 ఓమ్‌లు, 75 ఓమ్‌లు అనేవి ఆ కొలతల నుంచే వస్తాయి. దీన్ని ఇంపిడెన్స్ అంటాం. మల్టీమీటర్ పెట్టి చూస్తే కనపడేది కాదు. కేబుల్ వెంట పరిగెత్తే తరంగంలో వోల్టేజికీ కరెంటుకీ ఉండే నిష్పత్తి అది. అల్లిక లోపలి వ్యాసాన్ని మధ్య తీగ వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె, ఆ రెంటి మధ్య ఉన్న ప్లాస్టిక్ రకం, ఈ రెండే దాన్ని నిర్ణయిస్తాయి. ఆర్‌జీ-213 అనే లావు రకం కేబుల్‌లో ప్లాస్టిక్ వ్యాసం 7.25 మిల్లీమీటర్లు, మధ్యలో ఏడు పోగుల తీగ 2.25. నిష్పత్తి సుమారు 3.2. సన్నటి ఆర్‌జీ-58లో 2.95, 0.9. నిష్పత్తి 3.3 దగ్గర. ఒకటి చిటికెన వేలంత లావు, ఇంకోటి పెన్సిల్ కన్నా సన్నం, అయినా రెండూ 50 ఓమ్‌లే. మన ఊళ్లలో ఏ కేబుల్ టీవీ షాపులోనైనా దొరికే ఆర్‌జీ-6లో ఆ నిష్పత్తి 4.5 దాకా ఉంటుంది, ప్లాస్టిక్ కూడా గాలి బుడగలున్న నురుగు రకం, అందుకే అది 75.

అంటే ఆకారమే ఇంపిడెన్స్. ఆకారం చెడితే ఆ చోట ఆ అంకె మారాల్సిందే, ఇందులో ఎవరికీ తేడా అభిప్రాయం లేదు. గొడవంతా ఎంత మారుతుంది, మారితే మనకేంటి అన్న దగ్గరే.

## సొట్ట పడిన చోట అంకె ఎంతకి దిగుతుంది

మధ్య తీగకీ అల్లికకీ దూరం తగ్గితే ఇంపిడెన్స్ తగ్గుతుంది. ఆర్‌జీ-213లో మామూలుగా తీగ చుట్టూ అన్ని వైపులా 2.5 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, ప్లాస్టిక్‌తో నిండి. అల్లిక గుండ్రంగానే ఉండి తీగ మాత్రం 1 మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి, లెక్క కడితే 50 కాస్తా 46 దగ్గర ఆగుతుంది. అంతే. 2 మిల్లీమీటర్లు జరిగితే మాత్రం 31, 32 దగ్గరికి పడిపోతుంది. మొదటి మిల్లీమీటరు పెద్దగా నష్టం చేయదు, రెండోది చేస్తుంది. అందుకే కొద్దిగా నొక్కుకుపోయిన కేబుల్‌నీ, బాగా అణిగిపోయిన కేబుల్‌నీ ఒకే గాటన కట్టడం సరికాదు.

మన తమ్ముడి కేబుల్ బాగా అణిగింది. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డుని పక్కకి పడుకోబెట్టినట్టు అయింది. చెడ్డ పక్షంగానే 35 ఓమ్‌లు అనుకుందాం, సొట్ట పొడవు 3 సెంటీమీటర్లు.

## అదే సొట్ట, నాలుగు ఫ్రీక్వెన్సీలు

ఇక్కడే పెద్దాయనలిద్దరి దారులు విడిపోయాయి. 50 ఓమ్‌ల దారిలో పోతున్న తరంగానికి మధ్యలో 35 ఓమ్‌ల ముక్క తగిలితే కొంత వెనక్కి తిరుగుతుంది, నిజమే. కానీ ఎంత తిరుగుతుందన్నది ఆ ముక్క పొడవు తరంగం పొడవులో ఎన్నో వంతు అన్నదాని మీద ఉంటుంది.

కేసీ కాలువలో నీళ్లు వదిలినప్పుడు చూసినవాళ్లకి ఇది తెలుసు. కాలువ అడుగున పిడికెడు రాయి ఉంటే, గట్టునుంచి గట్టుదాకా పరుచుకుని వచ్చే పెద్ద పొంగు దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. గాలికి లేచిన చిన్న అలలు మాత్రం ఆ రాయి దగ్గరే విరిగి వెనక్కి మళ్లుతాయి.

ఆర్‌జీ-213 లాంటి గట్టి పాలిథిన్ కేబుల్‌లో తరంగం గాలిలో కన్నా నెమ్మదిగా, కాంతి వేగంలో 66 శాతంతో పోతుంది. కాబట్టి పొడవు కూడా అంతే తగ్గుతుంది. 7.1 మెగాహెర్ట్జ్ తరంగం కేబుల్ లోపల దాదాపు 28 మీటర్లు. అందులో 3 సెంటీమీటర్లు అంటే తొమ్మిది వందల వంతు. కేబుల్ చివర ఆంటెన్నా సరిగ్గా 50 ఓమ్‌లుగా ఉందనుకుని లెక్కేస్తే, ఈ సొట్ట వల్ల ఎస్‌డబ్ల్యూఆర్ (ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే అంకె, ఏమీ తిరగకపోతే 1) 1.005 అవుతుంది. ఇది మన మీటర్లేవీ చూడలేని తేడా.

145 మెగాహెర్ట్జ్‌కి రండి. తరంగం ఇప్పుడు 1.36 మీటర్లు. ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 అవుతుంది, వెనక్కి వచ్చే పవర్ నూరు వాట్లకి పావు వాటు. ఇదీ పెద్ద లెక్కలోకి రాదు. 435లో తరంగం 45 సెంటీమీటర్లే కాబట్టి ఎస్‌డబ్ల్యూఆర్ 1.34కి ఎక్కుతుంది, నూటికి రెండు వాట్లు వెనక్కి. 1296 మెగాహెర్ట్జ్‌లో అయితే 3 సెంటీమీటర్లు దాదాపు పావు తరంగం, ఎస్‌డబ్ల్యూఆర్ 2 దగ్గరికి పోతుంది, నూటికి పది వాట్లకి పైగా తిరిగొచ్చేస్తాయి.

కడపాయన ఎప్పుడూ 40 మీటర్ల మనిషి. కర్నూలు పెద్దాయన ఉపగ్రహాల మీద, 435 మీద ఎక్కువ పని చేసినవాడు. ఇద్దరూ తమ బ్యాండ్‌లో చూసిందే చెప్పారు.

ఒక భయం మాత్రం ఇక్కడే తీర్చేస్తా. "నలిగిన చోట లోపల నిప్పు రవ్వ లేచి రేడియో కాలిపోతుందా?" అని అడుగుతారు. 100 వాట్లకి 50 ఓమ్‌ల లైనులో గరిష్ఠ వోల్టేజి 100 వోల్టులే. సగం మిల్లీమీటరు పాలిథిన్ మిగిలినా అది వేల వోల్టులు ఆపుతుంది. అల్లిక పోగు ఒకటి ప్లాస్టిక్‌లోకి గుచ్చుకుని మధ్య తీగని తాకితే అది వేరే కథ. అప్పుడది సొట్ట కాదు, షార్ట్.

## జానెడుకొక టై

ఒక్క సొట్ట సంగతి ఇది. కొంచెం కొంచెం నొక్కుళ్లు సమాన దూరంలో చాలా ఉంటే? దీని గురించి మనవాళ్లు దాదాపు మాట్లాడుకోరు, నాకైతే ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

పోల్ వెంట కేబుల్ కట్టేటప్పుడు చేత్తో కొలుచుకుంటూ జానెడుకొక ప్లాస్టిక్ టై వేసి, కటింగ్ ప్లేయర్‌తో బిగించి లాగుతాం. జాన అంటే తొమ్మిది అంగుళాలు, సుమారు 22.9 సెంటీమీటర్లు. 435 మెగాహెర్ట్జ్‌లో ఆర్‌జీ-213 లోపల అర తరంగం ఎంతో తెలుసా? 22.7.

అర తరంగం దూరంలో ఉన్న రెండు నొక్కుళ్ల నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, కొట్టేసుకోవు. ఒక్కో టై కింద 1 సెంటీమీటరు మేర ఇంపిడెన్స్ 45కి దిగిందనుకుంటే, ఒక్కదాని వల్ల ఎస్‌డబ్ల్యూఆర్ 1.03, అసలు కనపడదు. ఇరవై టైలు సరిగ్గా జానెడు దూరంలో ఉంటే, అంటే పదిహేను అడుగుల పోల్ మీద, అవన్నీ కూడి 1.8 దాకా పోవచ్చు. ప్రతి టై విడిగా చూస్తే బాగానే ఉంటుంది, ఆంటెన్నా బాగుంటుంది, కనెక్టర్లు బాగుంటాయి, ఎక్కడా తప్పు దొరకదు. అదే కేబుల్ 145లో ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ అర తరంగం 68 సెంటీమీటర్లు, ఈ చిన్న తిరుగుళ్లు ఒకదాన్నొకటి చాలా వరకు కొట్టేసుకుంటాయి.

నిజానికి మన చేతి జాన ప్రతిసారీ ఒకేలా పడదు కాబట్టి ఇంత ఘోరంగా జరగడం అరుదు. మరీ కచ్చితంగా టేపు పెట్టి కొలిచి కట్టేవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ.

## వంపు, ఎండ, మెల్లగా జరిగే తీగ

నలగడం ఒక్కసారిగా జరుగుతుంది. వంపులో నష్టం మెల్లగా, నెలల తరబడి జరుగుతుంది. కేబుల్‌ని బిగుతుగా వంచితే లోపలి గుండ్రం కోడిగుడ్డవుతుంది, బయటి వైపు అల్లిక పోగులు విడిపోతాయి, లోపలి వైపు ముడతపడతాయి. అందుకే తయారీదారులు కనీస వంపు చెబుతారు. ఆర్‌జీ-213 మందం 10.3 మిల్లీమీటర్లు. ఒకసారి వంచి వదిలేసే చోట మందానికి ఐదు రెట్లు, అంటే 5 సెంటీమీటర్ల వ్యాసార్థం, మాటిమాటికీ కదిలే చోట పది రెట్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఎల్‌ఎంఆర్-400 అనే నురుగు రకం కేబుల్ కాగితాల్లోనైతే బిగించేటప్పుడు 25.4 మిల్లీమీటర్లు, పదేపదే వంగేచోట 101.6 అని ఉంటుంది. ఒకే కేబుల్‌కి ఈ రెండు అంకెల మధ్య నాలుగు రెట్ల తేడా ఉంది చూడండి. దాని మధ్య తీగ ఒంటి కడ్డీ, తెల్ల ప్లాస్టిక్ మీద అల్యూమినియం రేకు చుట్టి ఉంటుంది. ఆంటెన్నాని తిప్పే రొటేటర్ దగ్గర రోజూ తిప్పితే ఆ రేకు చిట్లుతుంది.

ఇక మన ఎండ. కర్నూలు, అనంతపురంలో మే నెలలో నీడలోనే 43, 44 డిగ్రీలు చూస్తుంటాం. మిద్దె మీద ఎండలో పడున్న నల్ల తొడుగు దానికన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది, చెయ్యి పెట్టలేం. ఆర్‌జీ-213లో వాడే పాలిథిన్‌కి 80, 85 డిగ్రీల దగ్గరే హద్దు. కరిగిపోదు, కానీ మెత్తబడుతుంది. బిగుతుగా వంచిన చోట మధ్య తీగ ఎప్పుడూ దగ్గరి దారి పట్టాలని వంపు లోపలి వైపుకి ఒత్తుతూ ఉంటుంది. మెత్తబడిన ప్లాస్టిక్ దానికి రోజుకి కొంచెం దారి ఇస్తుంది. పైన చెప్పిన 1 మిల్లీమీటరు, 2 మిల్లీమీటర్ల లెక్క ఇలా బయటికి ఏ సొట్టా కనపడకుండానే నిజమవుతుంది. నురుగు ప్లాస్టిక్ కేబుళ్లలో ఇది ఇంకా తేలిక, ఎందుకంటే గాలి బుడగలు నలిగితే తిరిగి లేవవు. గట్టి పాలిథిన్‌ని వేళ్లతో ఒత్తి గుండ్రం చేస్తే కొంతైనా తిరిగొస్తుంది, నురుగు రకాన్ని ఒత్తితే పైకి గుండ్రంగా కనపడి లోపల అలాగే ఉంటుంది.

## మీటరు దాచిపెట్టే నష్టం

అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంపిడెన్స్‌ది కాదు. తొడుగు పగిలితే వచ్చే నీళ్లది.

ఎండకి ఏళ్ల తరబడి ఎండిన తొడుగు పెళుసుబారుతుంది. వంపులోనో నలిగిన చోటనో సన్నగా నెర్రె పడుతుంది. మన దగ్గర వానలు తక్కువే, అయినా ఆ నెర్రెకి ఒక్క వాన చాలు. అల్లిక పోగుల మధ్య నీళ్లు దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు మీటర్ల కొద్దీ పాకుతాయి. రాగి ముందు నల్లబడుతుంది, తర్వాత పచ్చబడుతుంది. పోగుకీ పోగుకీ మధ్య అంటు చెడుతుంది, దాంతో పవరు దారిలోనే వేడిగా మారిపోతుంది. అల్లిక బాగా తెగితే ఇంకో బాధ, పక్కింటి ఎల్‌ఈడీ బల్బులు, సోలార్ ఇన్వర్టర్ల గోల కేబుల్ మధ్యలోంచే లోపలికి దూరుతుంది.

విచిత్రమేమిటంటే ఇలా పాడైన కేబుల్ పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గుతుంది, బాగుపడినట్టు కనిపిస్తుంది. ఆంటెన్నా నుంచి తిరిగి రావాల్సిన తరంగం వెళ్లేటప్పుడు కొంత, వచ్చేటప్పుడు కొంత కేబుల్‌లోనే అరిగిపోతుంది, గదిలో మీటరుకి చేరేది అంతంత మాత్రం. మీటరు "అంతా బాగుంది" అంటుంది.

## పిల్లాడి కేబుల్‌లో తేలింది

అతను మొదట కడపాయన మాట విన్నాడు. 40 మీటర్లలో బండలకి ముందూ తర్వాతా ఎస్‌డబ్ల్యూఆర్ 1.3, తేడా లేదు. రెండు నెలలకి అదే కేబుల్‌ని 145 ఆంటెన్నాకి తగిలించాడు. 1.4 చూపించింది, సంతోషపడ్డాడు, కానీ ఊళ్లోవాళ్లకే సరిగ్గా వినపడలేదు. "సొట్టే కారణం అన్నా, పెద్దాయన చెప్పిందే నిజం" అన్నాడు. పైన లెక్క చూశారు కదా, ఆ సొట్ట 145లో అంత పని చేయలేదు.

నానోవీఎన్‌ఏ తీసుకుని వెళ్లాను. ఈ చిన్న పరికరం ఫ్రీక్వెన్సీల కొలతల్ని దూరంగా మార్చి, కేబుల్‌లో ఎన్నో మీటరు దగ్గర తేడా ఉందో గీసి చూపించగలదు. దీనికీ ఒక చిక్కుంది. 900 మెగాహెర్ట్జ్ దాకా కొలిస్తే 11 సెంటీమీటర్ల తేడాని పట్టుకుంటుంది, కానీ 101 బిందువులతో 11 మీటర్ల కేబులే చూడగలదు. అతని కేబుల్ 28 మీటర్లు. 300 మెగాహెర్ట్జ్‌కి తగ్గిస్తే 33 మీటర్ల దాకా కనపడుతుంది, కాకపోతే చూపు మూడింతలు మొద్దుబారుతుంది. గీతలో 9 మీటర్ల దగ్గర బండల సొట్ట చిన్న గుంటలా కనపడింది. ఇంకెక్కడా ఏమీ లేదు. నీళ్లు మీటర్ల మేర పలచగా పరుచుకుంటాయి కాబట్టి ఒక్క చోట గుంటగా కనపడవు.

అప్పుడు ఆంటెన్నా విప్పేసి, కేబుల్ చివర ఖాళీగా వదిలి 145 దగ్గర కొలిచాం. ఖాళీ చివర నుంచి మొత్తం పవరు వెనక్కి రావాలి, తగ్గిందంతా కేబుల్ తిన్నదే. 28 మీటర్ల మంచి ఆర్‌జీ-213 ఒక దారికి 2.4 డెసిబెల్ (నష్టాన్ని కొలిచే లెక్క, 3 అంటే సగం పవరు పోయినట్టు) దాకా తింటుంది, రానూపోనూ 4.8. మాకు కనపడింది 11. అంటే ఒక దారికి 5.5. అతని 25 వాట్ల రేడియో నుంచి 14 వాట్లు ఆంటెన్నాకి చేరాల్సింది 7 మాత్రమే చేరుతున్నాయి. అసలు ఆంటెన్నా లేకుండా, ఖాళీ చివరతో ఎస్‌డబ్ల్యూఆర్ 1.8 చూపిస్తోంది ఆ కేబుల్!

మెల్లగా చేత్తో తడుముకుంటూ వెళ్లాం. సొట్ట దగ్గర తొడుగు చెక్కుచెదరలేదు. అక్కడినుంచి నాలుగు మీటర్ల అవతల, పిట్టగోడ అంచు మీద కేబుల్ కత్తిలా వంగి కిందికి దిగే చోట, వంపు బయటి వైపు గోరు పట్టేంత నెర్రె ఉంది. ఆ వంపు ఇల్లు కట్టినప్పటినుంచీ ఉందట, బండలకీ దానికీ సంబంధమే లేదు. అక్కడ కోసి చూస్తే అల్లిక బొగ్గులా నల్లగా ఉంది. గది వైపు అర మీటరు కోసినా నలుపే. మీటరు దాటి కోసినా నలుపే. మూడో మీటరులో గానీ రాగి రంగు కనపడలేదు. బండల కింద నలిగిన ఆ ముక్క గది వైపు మిగిలిన మంచి కేబుల్‌లోనే ఉంది, ఇప్పటికీ 40 మీటర్ల డైపోల్ ఆంటెన్నాకి అదే వాడుతున్నాడు. 145కి కొత్తది లాగి, పిట్టగోడ అంచు మీద ఒక పాత పైపు ముక్క పెట్టి దాని మీదుగా వెడల్పుగా వంచి దించాడు.